నీర్కడుప్పు అన్న ఒక్క మాట

మా ఇళ్ళలో ఈ బాధకు తెలుగు పేరు లేదు. నీర్కడుప్పు అంటాం. అది తమిళమని కూడా మాలో చాలామందికి తోచదు. కోయంబత్తూరు చుట్టుపక్కల తరాలుగా ఉండిపోయిన మా బోటి ఇళ్ళలో ఇట్లాంటి మాటలు ఎన్నో తెలుగులో కలిసిపోయినాయి. చిన్నప్పుడు మాలో కొందరం దాన్ని 'నీళ్ళ కడుపు' అనుకునేవాళ్ళం. నీర్ అంటే ఇక్కడ మూత్రం, కడుప్పు అంటే మంటతో కూడిన నొప్పి. ఎండలో తిరిగొచ్చిన మామకు చురుక్కుమన్నా నీర్కడుప్పే, కొత్త కోడలికి ఇన్ఫెక్షన్ వచ్చినా నీర్కడుప్పే, తాతకు ప్రోస్టేట్ పెరిగి ధార సరిగ్గా రాకపోయినా అదే మాట. మందు కూడా ఒకటే వరస. మజ్జిగలో నానేసిన మెంతులు, బార్లీ నీళ్ళు, లేత కొబ్బరి నీళ్ళు, కాలి బొటనవేలి గోటికి సున్నం. రెండు రోజుల్లో తగ్గితే వేడి అంటాం. తగ్గకపోతే మరీ వేడి అంటాం.

మా పెద్దత్తకు ఏడేళ్ళు తగ్గలేదు.

ఇది ఆమె అడిగితే రాస్తున్నాం. తన పేరు వేయొద్దంది, జబ్బు పేరు మాత్రం దాచకుండా వేయమంది. ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్. డాక్టర్లు ఇప్పుడు బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్ అని కూడా రాస్తారు, కొన్ని చీటీల్లో రెండూ కలిపి ఉంటాయి. మామూలు మాటల్లో చెప్పాలంటే, మూత్రసంచిలో క్రిములేవీ లేకుండానే ఏళ్ళ తరబడి ఉండే నొప్పి, మాటిమాటికీ వెళ్ళాల్సి రావడం, కొందరిలో వాపు, పుండు. అమెరికాలో యూరాలజీ డాక్టర్లు పెట్టుకున్న లెక్క ప్రకారం ఇట్లాంటి బాధ 6 వారాలు దాటి ఉండి, దానికి వేరే కారణం ఏదీ దొరకకపోతే ఈ జబ్బును అనుమానించాలి. ఆరు వారాలు ఎక్కడ, ఏడేళ్ళు ఎక్కడ.

మేము ఇంతకు ముందు రాసిపెట్టిన పెళ్ళిపాటలు చాలామటుకు ఈ అత్త నోట విన్నవే. నలుగు పాటలో మూడో చరణం ఎవరికీ గుర్తులేకపోతే ఆమెకే ఫోన్ చేస్తాం. అట్లాంటి మనిషి మదురై పెళ్ళికి రాలేదు, హోసూరు గృహప్రవేశానికి రాలేదు, తోడబుట్టిన చెల్లెలి మనవరాలి ఓణీల వేడుకకు కూడా రాలేదు. కొడుకు మేడ కట్టినాక గర్వం వచ్చిందని ఒక మాట చుట్టాల్లో తిరిగింది. అసలు సంగతి ఏమంటే, బస్సులో గంటన్నర కూర్చోవడం ఆమె వల్ల కాదు. కల్యాణ మండపంలో బాత్రూం ఎక్కడుంది, ఎన్ని ఉన్నాయి, లోపల గొళ్ళెం పడుతుందా, ఇవన్నీ తెలియకుండా ఆమె ఇల్లు కదలలేకపోయింది. ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది? పాట పాడమంటే నలభై మంది ముందు పాడుతుంది గానీ ఒంటికి వెళ్ళాలని మాత్రం నలుగురి ముందు అనలేదు.

ఆమె ఫైలు మేమంతా కూర్చుని చూశాం. 14 యూరిన్ కల్చర్ రిపోర్టులున్నాయి. అందులో 3 మినహా అన్నిట్లోనూ క్రిములు పెరగలేదనే ఉంది. అయినా దాదాపు ప్రతిదానికీ వెనక ఒక యాంటీబయాటిక్ చీటీ ఉంది, ఐదు రోజులకు, ఏడు రోజులకు, ఒకసారి మూడు నెలలకు. మాత్రలు వేసుకున్నప్పుడల్లా కొంచెం తగ్గినట్టు ఉండేదట. ఈ జబ్బు తనంతట తానే ఎక్కుతూ దిగుతూ ఉంటుంది కాబట్టి దిగే రోజున వేసుకున్న మాత్రకు పేరొస్తుంది. ఒక డాక్టరు వయసు అన్నాడు, మరొకామె మనసు అంది. కల్చర్‌లో ఏమీ లేకుండా నెలల తరబడి యాంటీబయాటిక్స్ ఇవ్వడం ఈ జబ్బుకు వైద్యం కాదని మార్గదర్శకాల్లో స్పష్టంగానే ఉంది. దాని వల్ల పొట్ట పాడవడం, రేపు నిజంగా ఇన్ఫెక్షన్ వస్తే ఆ మందు పని చేయకపోవడం, ఈ రెండే మిగులుతాయి.

తేడా ఎక్కడ తేలిందంటే ఒక ప్రశ్న దగ్గర. కోయంబత్తూరులో మూడో యూరాలజిస్టు ఆమెను తమిళంలోనే అడిగాడు: అమ్మా, నొప్పి పోసేటప్పుడా, పోసిన తర్వాతా, లేక సంచి నిండేటప్పుడా? అన్నాళ్ళూ ఆమె అన్నిటికీ నీర్కడుప్పు అనే చెప్పింది, విన్నవాళ్ళు పోసేటప్పటి మంట అనే రాసుకున్నారు. అప్పుడు ఆమె పక్కనున్న కూతురి వైపు తిరిగి తెలుగులో అంది: "నిండేకొద్దీ పోటు. పోసేస్తే కాసేపు హాయి. మళ్ళా కాసేపటికి పోటు." కూతురు దాన్నే తమిళంలో చెప్పింది. డాక్టరు పెన్ను పక్కన పెట్టి ఇంకో రెండు ప్రశ్నలు అడిగి, ఇది ఇన్ఫెక్షన్ కథ కాదన్నాడు.

ఆ మూడు ముక్కలు ఈ జబ్బు లక్షణాన్ని పుస్తకంలో ఉన్నట్టే చెప్తాయి. నిండితే పెరిగే నొప్పి, ఖాళీ అయితే తగ్గే నొప్పి. మామూలు ఇన్ఫెక్షన్‌లో మంట ఎక్కువగా పోసేటప్పుడే ఉంటుంది. మన భాషలో నొప్పికి ఎన్ని మాటలున్నాయో చూడండి: మంట, పోటు, సలుపు, తీపు, గుంజు, చురుకు. తమిళంలోనూ అన్ని ఉన్నాయి. కానీ ఆసుపత్రికి వెళ్ళేసరికి మనం ఇంట్లో మాట వదిలేసి, కౌంటర్ దగ్గర చెల్లే ఒక్క మాట పట్టుకుపోతాం. మాటతోనే జబ్బు తేలిపోదు, పరీక్షలు ఉండాల్సిందే. అయితే ఏ పరీక్ష చేయాలో మాత్రం ఆ మాటను బట్టే ఉంటుంది.

పరీక్షల కంటే ముందు ఆయన చేయించిన పని మరీ చవకది. గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి కొని, మూడు రోజులు ఎప్పుడెప్పుడు వెళ్ళింది, ఎంత వచ్చింది, ఏం తాగింది రాయమన్నాడు. అత్త పాల లెక్క రాసే నోటుపుస్తకంలోనే రాసింది. రోజుకు 22 సార్లు, అందులో రాత్రి 6. ఒక్కోసారి 80 మిల్లీలీటర్లు, మహా అయితే 100. రోజు మొత్తం కూడితే సుమారు 1,750. అంటే మొత్తం మామూలే, ఎక్కువ నీళ్ళు తాగడం వల్లో షుగర్ వల్లో వచ్చింది కాదు. మామూలుగా 300 నుంచి 500 దాకా పట్టే సంచి 80కే తట్టుకోలేకపోతోంది. ఏడేళ్ళ ఫైలు చెప్పని సంగతి ఆ నోటుపుస్తకం మూడు రోజుల్లో చెప్పింది.

ఆ తర్వాత మిగిలినవన్నీ కాదని తేల్చుకోవడం. మన దేశంలో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే మూత్రసంచికి టీబీ వస్తే కూడా ఇట్లాగే మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తుంది, మామూలు కల్చర్‌లో అది కనపడదు, దానికి వేరే పరీక్ష చేయాలి. వదిలేస్తే సంచి ముడుచుకుపోతుంది. రాళ్ళున్నాయా, పోసిన తర్వాత లోపల మిగిలిపోతోందా అని స్కాన్‌లో చూస్తారు. నలభై దాటినవాళ్ళకు, ముఖ్యంగా పొగాకు అలవాటున్నవాళ్ళకు, మూత్రంలో రక్తం కనపడితే క్యాన్సర్ కాదని తేల్చుకోకుండా ఏ మెంతులూ తాగకూడదు. ముట్లు ఆగిన ఆడవాళ్ళలో అక్కడి పొర పలచబడి పొడిబారడం వల్ల కూడా మంట, మళ్ళీమళ్ళీ ఇన్ఫెక్షన్ వస్తాయి, దానికి పైపూతగా హార్మోన్ మందు ఉంది. మగవాళ్ళకూ ఈ జబ్బు వస్తుంది, ఆడవాళ్ళకంటే తక్కువ, కాకపోతే వాళ్ళది ప్రోస్టేట్ ఖాతాలో పడిపోతుంది. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే అది వేరే దారి, ఆ పూటే డాక్టర్ దగ్గరికి పోవాలి.

అత్తకు మత్తు ఇచ్చి సన్నటి గొట్టం కెమెరాతో లోపల చూశారు. ఒక చోట ఎర్రగా పుండులాంటి మచ్చ ఉంది. దాన్ని హన్నర్ పుండు అంటారు. బాల్టిమోర్‌లో గై హన్నర్ అనే స్త్రీల వైద్యుడు 1915లో దాన్ని వర్ణించాడు. అంతకు ముందే 1887లో అలెగ్జాండర్ స్కీన్ అనే ఆయన తన పుస్తకంలో ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్ అన్న పేరు వాడాడు. నూరేళ్ళు దాటిన పేరు మా ఇంటికి చేరడానికి ఇంత కాలం పట్టింది. ఈ పుండు రోగుల్లో కొద్దిమందికే ఉంటుంది, ఎక్కువగా వయసు మళ్ళినవాళ్ళకు. ఉన్నవాళ్ళకు ఒక విధంగా మేలు, కరెంటుతో దాన్ని కాల్చేస్తే, లేదా అక్కడే స్టెరాయిడ్ సూది వేస్తే చాలామందికి బాగా తగ్గుతుంది. అత్తకు కాల్చారు. మూడో వారం ఆమె రాత్రంతా రెండుసార్లే లేచింది. ఏడాదిన్నర తర్వాత పుండు మళ్ళీ వచ్చింది, మళ్ళీ కాల్చారు. ఇట్లా తిరిగి రావడం ఈ పుండుకు మామూలేనని డాక్టరు మొదటే చెప్పాడు, అందుకే రెండోసారి ఆమె బెదరలేదు.

ఎందుకు వస్తుందంటే ఒక్క కారణం ఇదీ అని ఎవరూ తేల్చలేదు. ఎక్కువగా చెప్పే ఒక వివరణ మాత్రం మా అవ్వల కాలపు వంటింటి నుంచి అర్థమవుతుంది. ఇత్తడి గిన్నెకు లోపల కళాయి వేయించేవాళ్ళు గదా. కళాయి ఉన్నంత కాలం పులుసు కాచినా ఏమీ కాదు. కళాయి పోయిన గిన్నెలో చింతపండు పోస్తే చిలుము దిగుతుంది. మూత్రసంచి లోపలి పొర మీద కూడా జిగురులాంటి పూత ఒకటి ఉంటుంది. అది పలచబడితే మూత్రంలోని ఉప్పూ పులుపూ లోపలికి ఇంకి నరాలను రేపుతాయి, అక్కడ అలర్జీకి సంబంధించిన కణాలు చేరతాయి, అట్లా నొప్పి అలవాటైన నరాలు కొంచెం నిండినా కేకలు పెడతాయి. అందరికీ ఇదే జరుగుతుందని కాదు.

అందరికీ ఇదే కాదనడానికి మా ఇంట్లోనే సాక్ష్యం ఉంది. బెంగళూరులో ఉన్న మా చిన్నాన్న కోడలికి అదే జబ్బు పేరు రాశారు, ఆ పిల్లకు ముప్ఫై ఏళ్ళు. లోపల చూస్తే పుండూ లేదు, మచ్చా లేదు. ఆమెకు భర్తతో కలిసిన తర్వాత రెండు మూడు రోజులు నొప్పి ఉండేది. మాలో పెద్దవాళ్ళు అది కాపురంలో గొడవ అనుకున్నారు. ఇట్లాంటివి మన ఇళ్ళలో ఎవరూ నోరు విప్పి అడగరు, అడిగినా చెప్పరు, మధ్యలో పెళ్ళిళ్ళు బీటలు వారతాయి. ఆమెకు ఉపయోగపడింది ఫిజియోథెరపీ. కటి అడుగున ఉండే కండరాలు నొప్పికి భయపడి ఎప్పుడూ బిగుసుకుని ఉంటాయట. వాటిని చేత్తో మెల్లగా వదులు చేయడం, ఊపిరితో పాటు వదలడం నేర్పారు. ఇక్కడ ఒక హెచ్చరిక. కెగెల్ అని అందరికీ తెలిసిన బిగించే వ్యాయామం మూత్రం కారిపోయేవాళ్ళకు మంచిదే గానీ, ఈ నొప్పి ఉన్నవాళ్ళకు దాన్ని చేయవద్దంటారు. ఫోన్‌లో వీడియో చూసి ఆమె మొదట చేసింది అదే, దాంతో నొప్పి పెరిగింది.

మందుల సంగతికొస్తే, రాత్రి పూట వేసుకునే అమిట్రిప్టిలిన్ అనే మాత్ర ఇద్దరికీ ఇచ్చారు, 10 మిల్లీగ్రాములు. అత్త కొడుకు డబ్బా మీద పేరు వెతికి, ఇది మనసు బాగాలేనివాళ్ళకు ఇచ్చేదని పెద్ద రభస చేశాడు. అది ఆ పనికీ వాడతారు, ఇంకా పెద్ద మోతాదులో. చిన్న మోతాదులో నరాల నొప్పిని తగ్గిస్తుంది, నిద్ర పట్టిస్తుంది. నోరు ఎండడం, మలబద్ధకం, పొద్దున మగత ఉంటాయి. గుండె జబ్బు, గ్లాకోమా ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి. పెంటోసాన్ అని ఇంకో మందు ఉంది, పైన చెప్పిన పూతను బాగుచేయాలని ఇచ్చేది. అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. ఏళ్ళ తరబడి వాడిన కొందరిలో కంటి రెటీనాలో మచ్చలు కనపడడంతో 2020లో అక్కడ దాని మీద హెచ్చరిక చేర్చారు. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా అది రాస్తే కంటి పరీక్ష చేయించాలా అని అడగండి.

అత్తకు రెండోసారి కాల్చిన తర్వాత డి.ఎం.ఎస్.ఓ. అనే ద్రవాన్ని కూడా గొట్టం ద్వారా లోపలికి ఎక్కించారు, వారానికొకసారి, ఆరు వారాలు. పావుగంట ఇరవై నిమిషాలు లోపల ఆపుకుని తర్వాత పోసేయాలి. ఇది 1978 నుంచి అమెరికాలో అనుమతి ఉన్న మందే. దీనికొక చిత్రమైన గుణం, ఎక్కించిన రోజంతా ఊపిరిలో వెల్లుల్లి వాసన వస్తుంది. ఆ వారాల్లో పురట్టాసి నెల పడింది. శనివారాలు ఉల్లీ వెల్లుల్లీ ముట్టని మనిషి నోట వెల్లుల్లి వాసన రావడం చూసి మనవలు ఆమెను ఇప్పటికీ ఆట పట్టిస్తారు. వీటితోనూ తగ్గకపోతే బోటాక్స్ సూదులు, వెన్ను కింద నరానికి చిన్న యంత్రం అమర్చడం, చివరాఖరికి సంచికే ఆపరేషన్, ఇట్లా మెట్లున్నాయి. చాలామందికి అంత దూరం పోవాల్సిన పని రాదు.

తిండి దగ్గర మా ఇంట్లో అసలు యుద్ధం జరిగింది. కాఫీ, టీ, సోడా డ్రింకులు, టమాట, నిమ్మ, నారింజ, పచ్చిమిరప, మద్యం, డైట్ స్వీటెనర్లు, ఇవి చాలామంది రోగులకు నొప్పి పెంచుతాయని చెప్తారు. అందరికీ అన్నీ కాదు. కోయంబత్తూరు ఇంట్లో తెల్లారి ఫిల్టర్ కాఫీ మానమంటే అది వైద్యమా శిక్షా అని అత్త అడిగింది. పద్ధతి ఏమంటే, అనుమానం ఉన్నవన్నీ రెండు మూడు వారాలు ఆపేసి, ఆ తర్వాత ఒక్కొక్కటే తిరిగి తినడం, మధ్యలో మూడు రోజులు ఆగి చూడడం. అదే నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఆమెకు పడనివి కాఫీ, టమాట, నిమ్మకాయ. చింతపండు చారు పలచగా చేస్తే ఏమీ కాలేదు, ఆవకాయ ఒక ముద్దకు ఫర్వాలేదు. బెంగళూరు కోడలికి పుల్లటి పెరుగు కూడా పడదు. ఒకరి పట్టిక ఇంకొకరికి పనికిరాదు. వేడి చేసిందని మనం ముందుగా చేతిలో పెట్టేది నిమ్మకాయ నీళ్ళే, ఈ జబ్బున్న కొందరికి అదే నిప్పు. ప్రయాణమని నీళ్ళు మానేయడం కూడా మంచిది కాదు, మూత్రం చిక్కబడితే మంట ఎక్కువవుతుంది. కొంచెం కొంచెంగా రోజంతా తాగడమే.

పొంగలికి ముందు రోజు మా వైపు ఇంటి చూరుకు వేపాకు, తంగేడు పూలతో పాటు కట్టే పూళైప్పూ ఉంది గదా, అదే తెలుగువాళ్ళు కొండపిండి అనే మొక్క. రాళ్ళు కరగడానికని దాని కషాయం తాగే అలవాటు రెండు వైపులా ఉంది. అత్త కూడా తాగింది. ఈ జబ్బుకు అది పనిచేస్తుందనడానికి రుజువు లేదు. చూరుకు కట్టడం మాత్రం మేము మానం.

నొప్పి అదుపులోకి వచ్చాక వ్యవధి పెంచడం మొదలుపెట్టారు. గంటకొకసారి వెళ్ళే మనిషి గంటా పావుకు, వారం తర్వాత గంటన్నరకు. ఇప్పుడు అత్త పగలు రెండున్నర గంటలు ఆగుతుంది, రాత్రి ఒకసారో రెండుసార్లో లేస్తుంది. పూర్తిగా నయమైందని డాక్టరూ అనలేదు, ఆమే అనుకోవడం లేదు. నిద్ర చెడినా, ఇంట్లో ఏదైనా కలత వచ్చినా రెండు మూడు రోజులు ఎగదోస్తుంది. అప్పుడు పొత్తికడుపు మీద వేడినీళ్ళ సంచి పెట్టుకుని పడుకుంటుంది.

చుట్టాలకు మేము చెప్పేది చిన్న సంగతి. పెళ్ళిపత్రికతో పాటు ఫోన్‌లో మండపం బాత్రూం ఎక్కడుందో కూడా చెప్పండి. పెద్ద ఆడవాళ్ళకు ఆ పక్కనే ఉన్న గది ఇవ్వండి. షుగర్ ఉన్నవాళ్ళకూ, ప్రోస్టేట్ ఉన్న తాతలకూ, కడుపుతో ఉన్న పిల్లలకూ అదే అవసరం. ఎవరైనా భోజనం మధ్యలో లేచి వెళ్తే "ఏం, మళ్ళీనా?" అని మాత్రం అడగకండి.

తై నెలలో ఉడుమలపేటలో మా చిన్నత్త మనవడి పెళ్ళి. పెద్దత్త వస్తానంది. మూడోసారి కెమెరాతో చూడాల్సిన తేదీ ఆ వారంలోనే పడితే, డాక్టరుకు ఫోన్ చేసి పెళ్ళి తర్వాతికి మార్పించుకుంది. కారు ఎక్కడెక్కడ ఆపాలో డ్రైవరుకు చెప్పి ఉంచాం. తలంబ్రాల పాటలో మాకెవరికీ రాని చరణాలు రెండు ఉన్నాయి, ఈసారి రికార్డు చేసుకోవాలి.